శాలిబండలో ఇళ్లు చూపించిన మా మేనత్త

మా మేనత్త మంగళవారం ఉదయం ఆరుంబావుకు శాలిబండలో తానుంటున్న అద్దె ఇంట్లో చనిపోయింది. గుండె ఆగిందని వచ్చిన డాక్టరు చెప్పాడు. ఆమెకు అరవై ఆరేళ్లు. వృత్తి ఇళ్ల బ్రోకరు. ఆమె పేరు మీద ఉన్న రియల్ ఎస్టేట్ ఏజెంటు రిజిస్ట్రేషన్‌కు ఇంకా నాలుగేళ్ల పైచిలుకు గడువుంది. ఆ గడువు ఇప్పుడు ఎవరికీ పనికిరాదు.

ఆ రోజు పది గంటలకు ఆమె దబీర్‌పురాలో ఒక పోర్షన్ చూపించాల్సి ఉంది. కొత్తగా పెళ్లయిన జంట, ముందే అనుకున్నట్టుగా ఆమె ఇంటికి వచ్చారు. అప్పటికి గల్లీలో షామియానా కడుతున్నారు. బంధువులనుకుని ఎవరో వాళ్లను లోపలికి పంపారు. ఆ అమ్మాయి కాళ్ల దగ్గర దండం పెట్టి బయటికొచ్చి, గోడ వారగా నిలబడ్డ నన్ను అడిగింది.

"అంకుల్, ఫోన్ల మాట్లాడింది ఈమెనేనా?"

అవునన్నాను.

"మేము ఈమెను చూసుడు ఇదే ఫస్టు," అంది.

భర్త బండి స్టార్ట్ చేయలేదు. గల్లీ మలుపు దాకా నెట్టుకుంటూ తీసుకుపోయాడు.

పత్రికకైతే వార్త ఇంతటితో అయిపోతుంది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మామయ్య ఒక జరీ దుకాణంలో గుమాస్తాగా ఉండేవాడు. చిన్న వయసులోనే జబ్బు చేసి పోయాడు. కొడుకు అప్పటికి బడికి కూడా పోవడం లేదు. ఉన్న ఇల్లు ఖాళీ చేయమన్నారు. భర్త లేని మనిషికి ఇల్లు ఇవ్వడానికి అందరూ వెనకాడారు. కొడుకును చంకనేసుకుని ఆమె గల్లీ గల్లీ తిరిగింది. అలా తిరిగే క్రమంలో ఎక్కడ ఏ ఇల్లు ఖాళీగా ఉంది, ఎవరు ఎవరికి ఇస్తారు, ఎవరు ఇవ్వరు అన్నది ఆమెకు తెలిసిపోయింది. చివరికి తనకో ఇల్లు దొరికింది. తనకు అక్కర్లేని ఇళ్ల సంగతి అడిగినవాళ్లకల్లా చెప్పింది. వాళ్లలో ఒకరు చేతిలో ఏదో పెట్టారు. ఆమె బ్రోకరు అయింది అలా.

పాతబస్తీలో ఆడమనిషి బ్రోకరు కావడంలో ఒక సౌలభ్యం ఉంది. పగటిపూట ఇళ్లలో ఆడవాళ్లే ఉంటారు. మగ బ్రోకరు పరదా ఇవతల ఆగిపోతాడు, కిరాయికి వచ్చినవాడికి గోడలు చూపించి పోతాడు. ఆమె వంటింటి దాకా వెళ్లేది. ముందు ఆ ఇంటి నీళ్లు ఒక గ్లాసు అడిగి తాగేది. ఉప్పగా ఉన్నాయా, తుప్పు వాసనేమైనా వస్తోందా అన్నది అక్కడే తేలిపోయేది. ఆ తర్వాత పక్కింటి తలుపు తట్టి కూర్చునేది. ఇల్లు చూపించాలంటే ముందు ఇరుగుపొరుగు తెలవాలె అనేది.

ఇంకొక అలవాటు ఉండేది. ఇంటి లోపాలన్నీ గుమ్మం బయటే చెప్పేసేది.

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడికి ఇల్లు కావాలంటే ఒకసారి ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మమ్మల్ని ఒక మేడ కింద ఆపింది. చెప్పులు విడవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇగో బిడ్డా, లోపటికి పోకముందే చెప్తున్న. ఎండకాలం పై అర్ర తందూరు లెక్క ఉంటది. పక్కింట్ల వెల్డింగ్ పని, పొద్దుమూకెదాక లొల్లే. మోటరు ఒక్కటే, మూడిండ్లోళ్లు వంతులేసుకోవాలె. గిదంత ఓకే అంటెనే చెప్పులిడువు."

"మరి ఈ ఇంట్లో మంచిదేముందమ్మా?" అన్నాడతను.

"మంచిది చూపియ్యనీకి నేనెందుకు? కండ్లున్నయ్ గద నీకు."

పరదా వెనక నుంచి ఆ ఇంటావిడ గొంతు వినిపించింది. "అరే అమ్మా, మేరే ఘర్‌కే దుష్మన్ హై క్యా తుమ్?" మా ఇంటికే శత్రువువా నువ్వు అని.

"దుష్మన్ ఎందుకైత ఆపా? ఈ పిల్లగాడు రెండు నెలలకే దిగిపోతే మల్ల నీ గేటు ముందల నిలవడేది నేనే గద."

లోపల నవ్వు వినిపించింది. కుర్రవాడు చెప్పులు విడిచాడు. పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు.

అలా చెబితే గిరాకీ పోదా అని దారిలో అడిగాను. "అబద్ధం చెప్పి ఎక్కించినోడు ఆర్నెల్లల్ల దిగుతడు. మల్ల చెప్పులు నాయే అరుగుతయ్," అంది. అందులో నీతి కన్నా మోకాళ్ల నొప్పి ఎక్కువ అని నాకనిపించింది. ఆమె మోకాళ్లు అప్పటికే పోయాయి. ఏ ఇల్లు తలుచుకున్నా దాని మెట్లు లెక్కపెట్టి మూలిగేది.

ఆమెను దేవతను చేసి రాయడం నాకు ఇష్టం లేదు. బ్రోకరేజీ రెండు పక్కలా తీసుకునేది. ఒకసారి మాట తప్పిన ఇంటివాళ్ల గల్లీలోకి ఏళ్ల తరబడి అడుగుపెట్టలేదు. అలాంటి గల్లీలు ఎక్కువైపోయి, చివరి రోజుల్లో దగ్గర దారి ఉన్నా చుట్టు తిరిగి షేర్ ఆటోలో వెళ్లేది. ఇల్లు దొరకనివాళ్ల మీద కూడా కసురుకునేది. కానీ ఇల్లు దొరకలేదని ఆమె దగ్గరి నుంచి వట్టి చేతులతో వెళ్లినవాళ్లు మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవారు.

రెండేళ్ల కిందట గిరాకీ తగ్గడం మొదలైంది. కుర్రవాళ్లు ఫోన్‌లోనే ఇళ్లు చూసుకుంటున్నారు. పాత కిరాయిదార్లలో కాస్త నిలదొక్కుకున్నవాళ్లు ఫ్లాట్లు కొనుక్కుంటామంటున్నారు. అలాంటి ఒక కుటుంబాన్ని, అంతకుముందు తానే మూడిళ్లు మార్పించినవాళ్లను, వెంటబెట్టుకుని బహదూర్‌పురా వైపు కడుతున్న ఒక అపార్టుమెంటు ఆఫీసుకు వెళ్లింది. అక్కడి మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, మీకు రెరా నంబరుందా?"

"ఫోన్ నంబరుంది. రాసుకో."

"అది కాదమ్మా. కొత్త ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మించే ఏజెంటు రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ చేసుకోవాలి. నంబరు లేకుండా మిమ్మల్ని ఏజెంటని కూర్చోబెడితే మా మీదికొస్తది. వాళ్ల చుట్టంలాగ కూర్చోండి, కూల్‌డ్రింక్ తెప్పిస్త."

ఆమె కూర్చుంది. కూల్‌డ్రింక్ తాగింది. ఇంటికొచ్చి కోడలితో ఒకే ఒక్క మాట అంది. "ముప్పై ఏండ్ల సంది బ్రోకరును. ఇయ్యాల చుట్టాన్నైన."

అద్దె ఇళ్లు చూపించడానికి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ విషయం నేనే చెప్పాను. కావాలంటే ఇలాగే సాగిపోవచ్చన్నాను. ఆమె కోడలి వైపు చూసింది. కోడలు గోడకానుకుని ఒక చీరల దుకాణం వాళ్ల చీరకు ఫాల్ కుడుతోంది. "నాకు సాగుతది," అంది అత్త. "నా ఎనక?"

ఆమెకు కావాల్సింది ఆ ప్రశ్నకు జవాబే. కొడుకు బస్సు డిపోలో మెకానిక్. షిఫ్టులు. ఆ ఒక్క జీతం మీదే ఇల్లు నడవదు. తన పని తనతోనే ఆగిపోకుండా కోడలి చేతికి రావాలి. అద్దె గిరాకీ తగ్గుతోంది కాబట్టి ఫ్లాట్ల బేరాలూ చేయగలగాలి, దానికి కాగితం కావాలి. ఆ కాగితం కోసం ఆమె మెట్లెక్కడం మొదలుపెట్టింది.

ఇంటర్నెట్ సెంటరు రెండో అంతస్తులో ఉంది. పాన్ కార్డు తీయించుకోవాలి. ఫొటో వెనక తెల్లటి పరదా ఉండాలి. ఆదాయపు పన్ను లెక్కలు చూపించాలి, లేకపోతే లేవని రాసివ్వాలి. ఆమె దరఖాస్తు వెళ్లేది, ఏదో ఒక కొర్రీతో తిరిగొచ్చేది. ఫొటో మసకగా ఉందని ఒకసారి, సంతకం గడి దాటిందని ఒకసారి. అధికారుల తప్పేమీ లేదు, అడగాల్సినవే అడిగారు. ప్రతిసారీ ఆమె రెయిలింగు పట్టుకుని పైకెక్కి, అక్కడున్న స్టూలు మీద కూలబడి, కంప్యూటరు ముందున్న అబ్బాయితో అనేది: "ఏం కొడుకా, ఇయ్యాల నా మొకం నచ్చిందా వాళ్లకు?"

నిబంధనల ప్రకారం ఏజెంటుకు లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు ఉండాలి, వాటి నమూనాలు దరఖాస్తుతో జతచేయాలి. స్టాంపులు చేసే దుకాణానికి ఆమెతో నేను వెళ్లాను.

"కంపెనీ పేరేందమ్మా?" అన్నాడు దుకాణదారు.

"కంపెనీ ఏంది, నేనే."

"నేనే అని కొడితే ఒప్పుకోరమ్మా."

"మరి నీ దుకాణానికేం పేరు?"

"మా బాపు పేరు."

ఆమె కోడలి పేరు చెప్పి, పక్కన ప్రాపర్టీస్ అని కొట్టమంది. దుకాణదారు నవ్వాడు. "అందరు పెద్దోళ్ల పేరు పెడ్తరు, నువ్వేంది ఉల్టా?" ఆమె నవ్వలేదు. "పెద్దోళ్లు పోతరు గద," అంది.

వ్యాపారం ఎక్కడి నుంచి చేస్తారో ఆ చిరునామాకు రుజువు కూడా ఇవ్వాలి. ఊరందరికీ ఇళ్లు చూపించిన మనిషికి సొంతిల్లు లేదు. ఇంటి యజమాని అంగీకార పత్రం రాసివ్వాలి. ఆయన వయసు మళ్లిన మనిషి, వేరే చోట కొడుకుల దగ్గర ఉంటాడు. ఆమె మాలిక్‌సాబ్ అని పిలిచేది. ఆయన ఎప్పుడు వచ్చినా లోపలికి రాడు. గల్లీలో స్కూటరు ఆపి, దాని మీదే కూర్చుని, గుమ్మానికున్న పరదా అవతల నిలబడ్డ ఆమెతో మాట్లాడి వెళ్తాడు. ఆ రోజు స్కూటరు సీటు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. "ఆప్ హై తబ్ తక్ ఫికర్ నక్కో," అన్నాడట. మీరున్నంత కాలం బెంగపడొద్దని.

రిజిస్ట్రేషన్ వచ్చింది. సర్టిఫికెట్ ఫోన్‌లోకి వచ్చింది. ఇంటర్నెట్ సెంటరు అబ్బాయి ప్రింటు తీసి లామినేషన్ చేసిచ్చాడు. దాన్ని వచ్చినవాళ్లకు కనబడేలా పెట్టాలంటే ఆమె తలుపు వెనక తగిలించింది. అక్కడెందుకని అడిగితే, "తలుపేసుకొని బేరం మాట్లాడేటోళ్లకే గద చూపియ్యాలె," అంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ నాతో తీరిగ్గా అంది. "ఇగ నేను లేకున్నా ఫికర్ లేదు. గిది చూపిచ్చుకుంట కోడలు నడిపిస్తది."

అప్పుడు అర్థమైంది ఆమె లెక్క ఏమిటో. పాతబస్తీలో తాత కిరాయికి తీసుకున్న మల్గీని, అంటే దుకాణాన్ని, మనవడు నడుపుతుంటాడు. రసీదు ఇంకా తాత పేరు మీదే వస్తుంది. యజమానీ మార్చడు, కిరాయిదారూ మార్చమనడు. కాగితం పెద్దమనిషి పేరు మీద ఉంటే దానికి బలం, ఇంట్లోవాళ్లు దాని నీడలో బతుకుతారు. అలాంటి బేరాలు ఆమె ఎన్నో కుదిర్చింది. ఈ రిజిస్ట్రేషన్ కూడా అంతేననుకుంది. కోడలికి ఇంటర్ చదువుంది, పాన్ కార్డుంది, ఎక్కగలిగిన కాళ్లున్నాయి. అయినా దరఖాస్తు తన పేరు మీదే పెట్టుకుంది, కోడలికి గట్టి కాగితం మిగలాలని. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన విషయమని ఆమెకు తోచలేదు.

"అత్తా, ఇది ఎవరి పేరు మీదుంటే వాళ్లకే. ఐదేళ్లు నడుస్తది. ఇంకొకరికి రాదు," అన్నాను.

"మల్గీ లెక్క గాదా?"

"కాదు."

"స్టాంపు మీద దీని పేరే ఉంది గద."

"స్టాంపు మీదుంటే కాదత్తా. సర్టిఫికెట్ నీ పేరు మీదుంది."

ఆమె కప్పు కింద పెట్టింది. మోకాళ్ల మీద చేతులు వేసుకుని తలుపు వైపు చూస్తూ కూర్చుంది. "మరి గన్ని మెట్లు నేనెవ్వరికెక్కిన?" అంది చివరికి.

కోడలు వంటింట్లోంచి జవాబిచ్చింది. "నీకే అత్తమ్మా. ఇంకో పదేండ్లు చూపిస్తవ్ ఇండ్లు."

"పదేండ్లా? నన్నేమన్న కిరాయికిచ్చినవా ఏంది, అగ్రిమెంటు రాస్తున్నవ్?"

ముగ్గురం నవ్వాం. కానీ ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని తర్వాత కోడలు చెప్పింది. వారం తిరగకుండా మళ్లీ ఇంటర్నెట్ సెంటరు మెట్లెక్కింది, ఈసారి కోడలి పేరు మీద దరఖాస్తుకు. నువ్వు రావద్దని కోడలు అన్నా వినలేదు. "దానికి మాట్లాడరాదు," అంది.

నిజంగానే కోడలికి కొత్తవాళ్లతో మాట్లాడటం రాదు. అత్త ఆమెను వెంట తిప్పుకుంది. మొదటిసారి ఇల్లు చూపించమన్నప్పుడు కోడలు గుమ్మంలో నిలబడి గాలి బాగా వస్తుందని, రంగులు కొత్తగా వేశారని చెప్పుకొచ్చింది. అత్త పక్క నుంచి, "ఏంది, చీర అమ్ముతున్నవా?" అంది. వచ్చినవాళ్లు నవ్వేశారు. కోడలు ఇంటికొచ్చి ఏడ్చింది. రెండో రోజు కూడా అత్త తీసుకెళ్లింది. మూడో ఇంటి దగ్గర కోడలు తనంతట తానే బాత్రూం తలుపు సరిగా మూసుకోదని చెప్పింది. అత్త దారిలో మిర్చి బజ్జీలు కొనిపెట్టింది. మెచ్చుకోవడం ఆమెకు అంతకు మించి తెలియదు.

ఈ మధ్యలో ఆమె తన నంబరుతో మళ్లీ బహదూర్‌పురా ఆఫీసుకు వెళ్లింది. అదే కుటుంబంతో, అదే మేనేజరు ముందు, ఈసారి ఏజెంటుగా కూర్చుంది. మోడల్ ఫ్లాటు గుమ్మం ముందే వాళ్లను ఆపి, వంటింటి కిటికీ తెరిస్తే పక్క బ్లాకువాళ్ల వంటిల్లే కనిపిస్తుందని, కూరలో ఉప్పెంతేశారో కూడా చెప్పొచ్చని చెప్పింది. మేనేజరు దగ్గాడు. వాళ్లు ఆ ఫ్లాటే తీసుకున్నారు. ఆమె రిజిస్ట్రేషన్ మీద జరిగిన అమ్మకం అదొక్కటే.

కోడలి దరఖాస్తులో ఇప్పుడు అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఇంటి యజమాని అంగీకారం. ఆయన తన అంగీకారం అత్తకు రాసిచ్చాడు, కోడలికి కాదు. పైగా ఆయన కొడుకులు ఆ పాత ఇల్లు పడగొట్టి మీద అంతస్తులు వేయాలంటున్నారు. కిందటి నెల అత్త పరదా చాటు నుంచి అడిగితే ఆయన స్కూటరు మీద కూర్చునే, చూద్దామన్నాడు. మళ్లీ అడగొచ్చని అత్త అనుకుంది. ఆయన మెత్తని మనిషి, రెండోసారి కాదనడని ఆమె నమ్మకం. ఆ నమ్మకం సరైనదో కాదో తెలుసుకునే లోపే మంగళవారం వచ్చింది.

అంత్యక్రియల రోజు ఆయన వచ్చాడు. గల్లీ చివర స్కూటరు పక్కన నిలబడ్డాడు. పాడె కదిలినప్పుడు టోపీ సర్దుకుని నాలుగడుగులు వెంట నడిచాడు. తర్వాత స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

దినాలు అయిపోయాక కొడుకుకు ఆయన ఫోను చేశాడు. వచ్చి మాట్లాడతానన్నాడు. సంతకం పెట్టడానికో, ఖాళీ చేయమనడానికో చెప్పలేదు. సంతకం పెడితే దరఖాస్తు ముందుకు పోతుంది. ఖాళీ చేయమంటే ఇల్లూ పోతుంది, చిరునామా లేక దరఖాస్తూ ఆగుతుంది. మళ్లీ మొదటి నుంచి, ఇంకో ఇంట్లో, ఇంకో యజమానిని అడుక్కుని మొదలుపెట్టాలి.

ఫోను పెట్టేశాక మొగుడూ పెళ్లాల మాటలు నా ముందే జరిగాయి.

"నేను మాట్లాడుత. సెలవు పెడ్త," అన్నాడు కొడుకు.

"నువ్వేం మాట్లాడుతవ్? నీకేమన్న తెలుసా, పొద్దుందాక డిపోల ఉంటవ్," అంది కోడలు. "అడిగేది నా పని గురించి."

"నువ్వెప్పుడన్న మాట్లాడినవా ఆయనతోని?"

"లేదు."

"మరి?"

"మరేంది? అత్తమ్మ గూడ మొదాలు ఎన్నడో ఒకనాడు మాట్లాడే ఉంటది గద."

చాలా రోజులుగా సరిగా నిద్ర లేని ముఖాలు ఇద్దరివీ.

మాలిక్‌సాబ్ శుక్రవారం వస్తున్నాడు, జుమా నమాజు అయ్యాక. కొడుకుకు ఆ రోజు డ్యూటీ ఉంది, సెలవు పెట్టలేదు. నిన్న నేను వెళ్లేసరికి కోడలు పక్కింటి నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు అడిగి తెచ్చి, తడిగుడ్డతో తుడుస్తోంది. ఒకటి ఆయనకు. రెండోది తనకు. రెండూ ఎక్కడ వేయాలో చూసుకుంటూ పరదా దాటి బయటికి నడిచి, గల్లీలో గోడ నీడ పడేచోట ఎదురెదురుగా పెట్టి చూసింది.